రెండో పెట్టె కింద బాంబు

1976, జులై నాలుగు. పదకొండూ నలభై ఎనిమిది. పెలికన్ పార్కులో రోలర్ కోస్టర్ క్యూ ముందుభాగం. పూలచొక్కా వేసుకుని, మెడలో కెమెరాతో నిలబడ్డ ఏజెంట్ ఆరిన్ టాకెట్‌కు ముచ్చెమటలు పోస్తున్నాయి. గత నెలలో రెండు పార్కులు పేలిపోయాయి. మూడోది ఇదేనని హెడ్ క్వార్టర్స్ అనుమానం.

వెనకనుంచి సెంటు వాసన గుప్పుమంది.

"సముద్రం ఇవాళ చల్లగా ఉందా?"

"కాళ్లు తడిపితే గానీ తెలీదు," అన్నాడు కోడ్ ప్రకారం.

ఎర్ర స్కార్ఫు, నల్లకళ్లద్దాలు. లెనోరా వాస్. శత్రుముఠాలో ఉంటూ వాళ్ల గుట్టు మనకు చేరవేసే మనిషి.

"బండి రెండో పెట్టె, ముందు సీటు కింద బాంబు. రిమోట్ మా ముఠావాడి దగ్గరుంది. అదిగో, సముద్రంలోకి కట్టిన చేపల వంతెన మీద, బైనాక్యులర్స్‌తో. అటు చూడకు! పన్నెండింటికి స్వాతంత్ర్య దినం బ్యాండ్ మోగగానే నొక్కుతాడు. ఆ వేళకు బండి నిండుగా పైకెక్కి ఉండాలని వాళ్ల ప్లాన్."

"ఆపించేస్తాను."

"పోలీసు టోపీ కనిపించినా, జనాన్ని ఖాళీ చేయించినా ఇక్కడికిక్కడే నొక్కేస్తాడు. క్యూ చూశావా? రెండొందల మంది, పిల్లాపాపలతో."

బాంబు దగ్గరికి దారి ఒక్కటే, ఆ సీట్లో కూర్చోవడం. నిచ్చెన ఎక్కమంటేనే కాళ్లు వణికే మనిషి ఆరిన్. ఏం చేస్తాడు పాపం, ఎక్కాడు.

బండి కటకటమంటూ పైకి పాకుతుంటే చెయ్యి సీటు కిందికి పోనిచ్చాడు. బాంబు తగిలింది. పెన్నులో దాచిన కట్టర్ తీశాడు. అంతలో బండి ఒక్కసారిగా కిందికి దూకింది. కడుపు గొంతులోకొచ్చింది. ఈ కుదుపుల్లో తప్పు వైరు ఒక్కటి తెగితే అంతే సంగతులు. కట్టర్ వెనక్కి లాగేశాడు. వెనక సీట్లో పిల్లలు చేతులెత్తి కేరింతలు కొడుతున్నారు. దేవుడా, వీళ్లకేమీ తెలియదు! ఆరిన్‌కు ఏడుపొచ్చేంత భయం వేసింది.

పదకొండూ యాభై ఆరు. బండి ఆగింది. మళ్లీ ఎక్కడానికి జనం తోసుకొస్తున్నారు.

ఆరిన్ భళ్లున వాంతి చేసుకున్నాడు. సీటు, చొక్కా, పక్కవాడి బూట్లు, దేన్నీ వదల్లేదు.

నలభై ఏళ్లుగా ఆ బండికి బ్రేకు వేస్తున్న డ్యూయీ ప్రూయిట్ నెత్తి కొట్టుకున్నాడు. "ఖర్మరా బాబూ! పొద్దుట్నుంచి ఇది నాలుగోది. దిగండి, అందరూ దిగండి! కడిగితే గానీ బండి కదలదు. ఏమయ్యా పెద్దమనిషీ, నువ్వెక్కడికి? చేసినవాడివి, వచ్చి బకెట్ పట్టు!"

జనం ముక్కులు మూసుకుని దిగిపోయారు. డ్యూయీ బండిని వెనక షెడ్డులోకి మళ్లించాడు. వంతెన మీది మనిషి బటన్ నొక్కలేదు. వారంగా కాపలా కాస్తూ ఈ కడుగుళ్లు రోజూ చూస్తూనే ఉన్నాడు. రెండు బకెట్లు గుమ్మరించి బండిని తిరిగి తెస్తారని ఎదురుచూశాడు.

షెడ్డులో డ్యూయీని బయటికి నెట్టి, ఆరిన్ పెట్టె కిందికి దూరాడు. బయట బ్యాండ్ మోగింది. ఎర్ర వైరు కట్ చేశాడు. మరుక్షణం బాంబులో టిక్కుమని చిన్న చప్పుడు. అంతే, ఇంకేమీ జరగలేదు. వంతెన మీద అతను ఓపిక నశించి బటన్ నొక్కేశాడన్నమాట. బటన్ నొక్కినా పేలకపోవడం చూసి లెనోరా స్కార్ఫు ఊపింది. ఆ సైగ కోసమే వంతెన మీద జాలర్ల వేషంలో కాచుకున్న ఇద్దరు ఏజెంట్లు వాణ్ణి పట్టేశారు.

సాయంత్రం చీఫ్ ఆరిన్ భుజం తట్టాడు.

"ఎవరికీ అనుమానం రాకుండా బండి ఖాళీ చేయించడానికి వాంతి నాటకమా! ఏం బుర్రయ్యా నీది! సోమవారం నుంచి కొత్త ఏజెంట్లకు నువ్వే నేర్పాలి."

లెనోరా నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. అది నాటకం కాదని చెప్పడానికి మాత్రం ఆరిన్‌కు ధైర్యం చాలలేదు.

"అలాగే సార్," అన్నాడు.