ఆపిన కారు పీల్చే గాలి

ఆ మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. షెడ్డులో పెద్దగా పని లేదు. తడిసిన గోనెపట్టాలు, పాత ఆయిలు, రబ్బరు... రోజూ ఉండే వాసనలే. వదిన స్టూలు మీద కూర్చుని ఏదో హెడ్‌లైటు తీగలకు టేపు చుడుతోంది. షెడ్డుకు వచ్చేవాళ్ళందరికీ ఆమె వదినే. మొదట అలా పిలిచినవాడు ఆమె మరిది. తర్వాత అదే పేరై కూర్చుంది. ఇంజిన్ పని మరిదిది, కరెంటు పని ఆమెది. బండి ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుందని ఆమె గురించి చెప్పుకునేవారు. మరిదిని మాత్రం అందరూ హారను అనేవారు. వాడి నోటికి విశ్రాంతి లేదు మరి.

లెక్కల మాస్టారు తన బూడిదరంగు కారును లోపలికి తెచ్చి ఆపాడు. దిగగానే దానికి దూరంగా జరిగాడు, కరిచే కుక్కను చూసినట్టు.

"ఇంజిన్ లైటు వెలుగుతోందమ్మా. వేరే చోట ఆక్సిజన్ సెన్సారు మార్చారు, గాలి సెన్సారు మార్చారు. మిషన్ పెట్టి చెరిపేస్తే పోతుంది. వీధి మలుపు తిరిగేసరికి మళ్ళీ వస్తుంది."

"ఎప్పటినుంచి మాస్టారూ?"

ఆయన గొడుగు కొసతో నేల మీద గీతలు గీశాడు. "నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు ఆయనకు. చాలా కాలంగా మంచం మీదే ఉన్నారు. దారిలోనే... ఆ వెనక సీట్లోనే పోయారు. ఆయన పోయారు, లైటు వెలిగింది."

మూల పని చేసుకుంటున్న హారను పానా కింద పెట్టి లేచి వచ్చాడు.

మాస్టారు షెడ్డు గుమ్మం దగ్గరున్న బల్ల మీద కూర్చున్నాడు. వదిన కారెక్కి, స్టీరింగు కింద లోపాలు చదివే స్కానరు తగిలించింది. గాలి సెన్సారు దగ్గర తేడా అని అది చూపించింది. ఇంజిన్‌లోకి ఎంత గాలి పోతోందో కొలిచే ముక్క అది. ఇంజిన్ ఆపి ఉంది కాబట్టి తెర మీద సున్నా ఉండాలి.

సున్నా లేదు. అంకె మెల్లగా పైకి లేచింది. ఆగింది. మెల్లగా కిందికి జారింది. కాస్త ఎడం... మళ్ళీ లేచింది.

"తీగ ఎక్కడో తడిసుంటుంది," అనుకుంది వదిన. మీటరు పెట్టి తీగ తీగా చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. షెడ్డులో ఉన్న కొత్త సెన్సారు తెచ్చి తగిలించింది. అదీ అంతే. లేవడం, ఆగడం, జారడం. చేతిలో పట్టుకుని చూస్తే సున్నా. పైపులో పెడితే మొదలు.

"సెన్సారు అబద్ధం చెప్పడం లేదబ్బాయ్," అందామె గొంతు తగ్గించి. "లోపల నిజంగానే గాలి కదులుతోంది."

"ఎలుక చచ్చుంటుంది వదినా. కొండ తవ్వకుండానే దొరికిందనుకో," అంటూ హారను బానెట్ కిందికి వంగాడు. ఫిల్టరు పెట్టె మూత తీశాడు.

కంపు కొట్టింది. చచ్చిన ఎలుక కంపు కాదది. గది తలుపులు మూసి, పక్కలు మార్చకుండా, రోగి కింద బేసిను రోజుల తరబడి అలాగే వదిలేస్తే వచ్చే కంపు. తీపీ పులుపూ కలిసిన నీచు. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అయినా అది నాలుక మీద రుచిలా తెలిసింది.

ఫిల్టరు కాగితం తడిసి ముద్దయింది. మడతల్లో పచ్చటి జిగురు. తెమడ. హారను రెండు వేళ్ళతో ఎత్తితే అది తీగలు తీగలుగా సాగింది, తెగలేదు. అక్కడక్కడా గోధుమరంగు నెత్తుటి చారలు.

"ఛీ! చెయ్యి తీసెయ్ బాబూ!"

"గోరువెచ్చగా ఉంది వదినా," అన్నాడు వాడు, వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుంటూ. వాడి మొహం వెలవెలబోయింది. కానీ మాస్టారి ముందు తగ్గడం ఇష్టం లేదు. ఇంజిన్‌కు పోయే సన్న గొట్టం ఊడబీకాడు. మూసుకుపోయిన గొట్టం కనపడితే నోటితో ఊదడం వాడి అలవాటు. ఎన్నిసార్లు తిట్టినా మానలేదు.

"గాలి మిషన్ ఉంది కదా... ఒరే, నోరు పెట్టకు!"

పెట్టేశాడు.

బుగ్గలు ఉబ్బించి ఊదాడు. ఉబ్బిన బుగ్గలు అలాగే ఆగాయి. తర్వాత ఇంకా ఉబ్బాయి... వాడు ఊదుతున్నది కాదు. లోపలినుంచి ఎదురొస్తోంది. కళ్ళు పెద్దవయ్యాయి. గొంతులో ఏదో బరువుగా కదిలింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

మింగుతున్నాడు.

వదిన గొట్టాన్ని రెండు చేతులా పట్టి లాగింది. వాడి పెదవులు దానికి అతుక్కుని సాగి, చప్పుడుతో ఊడాయి. గడ్డం మీదుగా ఒక పచ్చటి తీగ వేలాడింది. వాడు మోకాళ్ళ మీద కూలబడి గొంతులో వేళ్ళు పెట్టుకున్నాడు. డోకు మీద డోకు. నేల మీద ఒక్క చుక్క పడలేదు.

అటు స్కానరు తెర మీద సున్నా. కారులో ఇంజిన్ లైటు ఆరిపోయింది.

"నీళ్ళు తాగు... ఇదిగో... తాగు నాయనా."

హారను తలెత్తాడు. మాట్లాడాడు. ఆ గొంతు వాడిది కాదు. నీళ్ళలో బుడగలు లేచినట్టుంది.

"బాబూ... అద్దం దించరా... గాలాడటం లేదు..."

బల్ల దగ్గర మాస్టారి చేతిలోంచి గొడుగు జారిపడింది. "నాన్న... ఆఖర్న ఇదే అన్నారు. నేను... చలిగాలి తగులుతుందని దించలేదు."

ఆయన వానలోకి పరుగు తీశాడు. తాళాలు కూడా అడగలేదు. ఆ కారు కోసం మళ్ళీ రాలేదు.

ఇంటికి తీసుకెళ్ళినా ఆ రాత్రంతా హారను ఒక్క మాట ఆడలేదు. దగ్గుతూనే ఉన్నాడు, ముసలివాళ్ళు దగ్గినట్టు, తవ్వి తవ్వి. దగ్గినప్పుడల్లా ఆ కంపు. వాడి భార్య పిల్లల్ని ఎత్తుకుని పక్కగదిలోకి పోయి తలుపు వేసుకుంది. వదిన వాడి వీపు రాస్తూ కూర్చుంది. అరచేతి కింద చర్మం లోపల ఏదో మెత్తగా పక్కకు జరిగినట్టయితే, చెయ్యి తీసేసింది. తర్వాత సిగ్గుపడి మళ్ళీ పెట్టింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎక్స్‌రే తీశారు.

"శుభ్రంగా ఉందమ్మా. అద్దంలా ఉంది," అన్నాడు డాక్టరు, ఫిల్ము వెలుతురుకు పెట్టి. వదిన ప్రాణం కొంచెం కుదుటపడింది.

ఆయన స్టెతస్కోపు గొట్టాలు చెవుల్లో పెట్టుకుని, హారను ఛాతీ మీద బిళ్ళ ఆనించాడు. "పీల్చు... వదులు... ఇప్పుడు ఊపిరి బిగబట్టు."

హారను నోరు మూశాడు. ముక్కు కూడా వేళ్ళతో మూసుకున్నాడు. ఛాతీ కదలలేదు.

డాక్టరు వింటూనే ఉన్నాడు. బిళ్ళ కొంచెం పక్కకు జరిపాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"బిగబట్టమన్నానా?"

"బిగబట్టే ఉన్నాడు సార్," అంది వదిన గుసగుసగా.

ఆయన బిళ్ళను ఇంకాస్త అదిమాడు. చాలాసేపు విన్నాడు. ఎవరో చెప్పే మాట సగంలో ఆపలేక వింటున్నట్టు... ముందుకు వంగి, కళ్ళు మూసుకుని. తర్వాత మెల్లగా చెవుల్లోంచి గొట్టాలు తీశాడు.

కుడిచెవి దురద పెట్టినట్టుంది. చిటికెన వేలు పెట్టి తిప్పుకున్నాడు. బయటికి తీశాడు. వేలి కొసనుంచి చెవిదాకా పచ్చటి జిగురు సన్నగా సాగింది.

ఎంత దూరం లాగినా తెగలేదు.