ఇద్దరికీ ఒకే లాయరు

"ఆ టేపు తీసెయ్! నా మిషను మీద ఆనిందా, ఈ కత్తెరతోనే కత్తిరించేస్తా!"

మేనత్త అరుపుకి ఇంటి కొలతలు తీసేవాడు గుమ్మం దాకా గెంతాడు. పొద్దున్నే వచ్చి అతను చెప్పింది ఒకటే ముక్క. ఈ ఇల్లు అమ్ముడుపోతోంది. అమ్ముతున్నది ఆమె మేనల్లుడు.

కబురందగానే అందరూ ఆ కుట్టుగదిలోకి పరిగెత్తుకొచ్చారు. మేనల్లుడూ, అతని తండ్రీ, వెనకే చెల్లెలూ. తండ్రి మేనత్తకి సొంత తమ్ముడు, పేరున్న లాయరు. చెల్లెలు ఆయన ఆఫీసులోనే పని నేర్చుకుంది. ఇంట్లో ఆమెను చిన్న లాయరు అంటారు.

"నీ లాగులన్నీ ఈ చేత్తోనే కుట్టానురా! నేను పోయాక తీసుకోమని ఇల్లు రాసిస్తే, బతికుండగానే బయటికి గెంటుతావా?"

మేనల్లుడి మొహం పాలిపోయింది. "పోయాకేంటత్తా? ఇప్పుడే ఇచ్చేశావు కదా! మా ఇంటికొచ్చి ఉంటావని నాన్న చెప్పారు. నీ గదికి రంగులు కూడా వేయించా."

"ఎవరన్నారురా ఆ మాట? నేనా?"

లాయరు గొంతు సవరించుకున్నాడు. "నువ్వే సరిగ్గా వినలేదేమో అక్కా. చదివి వినిపించానుగా."

"ఒక్క నిమిషం నాన్నా." చిన్న లాయరు ముందుకొచ్చింది. "అత్తా, సంతకం పెట్టేటప్పుడు గదిలో ఎవరెవరున్నారు?"

"మీ నాన్న, వీడు. కాఫీ తాగుతూ పెట్టేశా."

"అన్నయ్యని బయటికి పంపి, రేపటి నుంచి ఈ ఇల్లు ఎవరిదో నీ మాటల్లో చెప్పమని నాన్న అడిగారా?"

"నన్నెందుకడుగుతాడే? నేనేమన్నా క్లయింటునా? అక్కని!"

లాయరు కిటికీ వైపు తిరిగాడు. ఆ ప్రశ్న ఆయనదే. ఆస్తి ఇచ్చే మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగకుండా ఆ ఆఫీసులో ఏ కాగితమూ సంతకానికి వెళ్ళదు. ఒకసారి అడగడం మరిచిపోయిందని కూతురిని క్లయింటు ముందే చీవాట్లు పెట్టాడు.

"ఇంట్లోవాళ్ళ దగ్గర అదంతా ఎందుకనుకున్నా," అన్నాడు నెమ్మదిగా.

"ఇంట్లోవాళ్ళ దగ్గరే కావాలి నాన్నా. ఇచ్చే మనిషికీ పుచ్చుకునే మనిషికీ మీరే లాయరు. కొడుకు బాగుపడాలని చూస్తూ, అక్కతో 'ఇలా చెయ్యకు, నష్టపోతావు' అని ఎలా చెప్పగలరు?"

మేనల్లుడు అడ్డొచ్చాడు. "కొనేవాళ్ళకి నేనింకా సంతకం పెట్టలేదు. వద్దని చెప్పేస్తా. అత్త ఇల్లు అత్తకి తిరిగిచ్చేస్తా. నాన్నా, కాగితాలు రాసెయ్యండి."

"మళ్ళీ ఆయనేనా!" అంది మేనత్త. అంత కోపంలోనూ ఆమెకి నవ్వాగలేదు. "నాకు మాత్రం ఈ పిల్లే లాయరు."

"నేనూ పనికిరాను అత్తా. నాన్న ఆఫీసులో ఉన్నా, పైగా అన్నయ్యకి చెల్లెల్ని. నీకు బయటి నుంచి ఒక లాయరమ్మని తెస్తా. ఆవిడకి జరిగిందంతా దాచకుండా చెప్పాలి."

"నాన్న పరువు పోతుందే! అత్త పొరపాటు పడిందని చెబుదాం, సరిపోతుంది," అన్నాడు మేనల్లుడు.

"ఎందుకు సరిపోతుందిరా?" మేనత్త లేచి నిలబడింది. "మీ జాలితో వచ్చే ఇల్లు నాకొద్దు. తలెత్తుకుని తీసుకుంటా."

లాయరు వచ్చి, బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూర్చునే బల్ల మీద కూలబడ్డాడు. కూతురిని తేరిపార చూశాడు. కళ్ళు చెమర్చాయి, కానీ మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చూశావా అక్కా? నా ప్రశ్న నన్నే అడిగింది. ఇంత గట్టి మనిషిని తయారుచేశానని నాకే తెలీదు." కూతురి వైపు తిరిగాడు. "ఆ లాయరమ్మ మొదట నిన్నే అడుగుతుంది, తప్పెవరిదని. ఏం చెబుతావు? ఇక్కడే చెప్పు. నా మొహం చూసి చెప్పు."

మేనత్త ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. చిన్న లాయరు కళ్ళు దించలేదు.

"అత్తకి లాయరుగా కూర్చుని అన్నయ్యకి తండ్రిగా పని చేశారు. తప్పు మీదే, నాన్నా."