అన్నం పెట్టిన వరస

"వదినా, జర ఆ అద్దం మీదికి అనుండ్రి. పాపకు జల్లు కొడ్తది."

పికప్ నడుపుతున్న భూమేశ్ నోట్లోంచి ఈ మాట రాగానే వెనక సీట్లో గురవమ్మ అటూ ఇటూ చూసింది. ఒడిలో మూడు నెలల పాప, పక్కన చెల్లెలు వాణి. వాళ్లిద్దరిలో ఎవరూ భూమేశ్‌కు వదిన కాలేరు.

"ఎవర్రా నీకు వదిన?"

"నువ్వే... అంటే, మీరే."

"నిన్నటిదాంక అక్కనే ఉంటి గదరా! తెల్లారేసరికి 'మీరు' గూడ అయిననా?"

ముందు సీట్లో ఆమె భర్త లచ్చన్న కిసుక్కున నవ్వాడు. "నన్ను వారం సంది సైట్ల అన్నా అంటుండు. అంతకుముందు నోరారా బావా అనేటోడు. ఏం నడుస్తుందో తెల్వది."

అద్దంలో వాణి కళ్లు భూమేశ్ కళ్లను పట్టుకున్నాయి. అతను చప్పున గేరు మార్చాడు. అక్కడ మార్చాల్సిన పనే లేదని బండి మూలిగింది.

అసలు తప్పు రెండేళ్ల కిందటిది. తొంభై రెండులో జగిత్యాల పక్క పల్లె నుంచి గల్ఫ్ పనికి సలాలా వచ్చిన మొదటి వారంలోనే భూమేశ్ జ్వరంతో మంచం పట్టాడు. ఫోర్‌మన్ లచ్చన్న రూముకొచ్చి చూసి, తన ఇంటికి తీసుకుపోయాడు. గురవమ్మ వేడివేడిగా జావ కాచి ముందు పెట్టింది. ఆ జావ చూసి పిల్లాడు ఏడ్చినంత పని చేసి "అక్కా" అన్నాడు. అన్నదమ్ములు లేని గురవమ్మ ఆ పిలుపును పట్టుకుని మరి వదల్లేదు. ప్రతి శుక్రవారం పిలిచి అన్నం పెట్టింది. అక్క మొగుడు బావ. అంతవరకు అందరూ సుఖంగా ఉన్నారు.

ఆ తర్వాత బాలింతకు తోడుగా వాణి విమానం దిగింది. అక్క చెల్లెలు ఏమవుతుంది? చెల్లెలే అవుతుంది. మనవాళ్లలో వరస కుదరకపోతే జాతకాలు కుదిరినా దండగే. పైగా బుధవారంతో వాణి వీసా అయిపోతోంది. ఊళ్లో వాళ్ల నాన్న కరీంనగర్ సంబంధం ఒకటి సిద్ధం చేసి కూర్చున్నాడు. అందుకే భూమేశ్ వరస మార్చే పని పెట్టుకున్నాడు. బావను అన్న చేస్తే అక్క దానంతటదే వదిన అవుతుంది, వదిన చెల్లెలిని ఎంచక్కా చేసుకోవచ్చు. ఉపాయం మంచిదే. పిల్లాడికే చేతకాలేదు.

తాఖా ఊరు దాటి మట్టిరోడ్డు మీద పోతే, ఖోర్ రోరీ వాగు సముద్రంలో కలిసేచోట గుట్ట మీద పాత కోట రాతిగోడలు కనిపించాయి. అక్కడ ఖరీఫ్ అనే వానకాలపు జల్లు పడుతోంది. సలాలాలో అది మంచో వానో ఎవరూ తేల్చుకోలేదు. గొడుగు వేస్తే నవ్వుతారు, వేయకపోతే తడుస్తాం.

"గీ రాళ్ల కోసం పెట్రోల్ దండుగ," అన్నాడు లచ్చన్న. "దినాం సైట్ల చూసేటియే గద."

"బావా, రెండు వేల ఏండ్ల కిందటి రేవు ఇది," అంది హిస్టరీతో బి.ఏ. చదివిన వాణి. "రోమ్ దేశం దాంక ఈడికెల్లే సాంబ్రాణి పోయేది. అక్కడి ఓడలు వచ్చేటియి."

"సాంబ్రాణి కోసమా?" గురవమ్మ నోరు తెరిచింది. "సూక్ బజార్ల గంప నిండ ఇస్తరు గదనే! దానికి ఓడలేసుకొని వచ్చిండ్రా పిచ్చోళ్లు!"

ఆమె పాపతో గోడ చాటున కూర్చుంది. లచ్చన్న అన్నం గిన్నెలు దించుతున్నాడు. వాణి అప్పటికే కోట వాకిలి దిక్కు నడుస్తోంది.

"పొల్ల ఒక్కతే పోతుంది, తోడు పోరా తమ్ముడూ," అంది గురవమ్మ, 'తమ్ముడూ' అన్నచోట గట్టిగా నొక్కుతూ.

ఆ వాకిలి ఇరుకు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా గోడ అడ్డమొచ్చి మనిషిని పక్కకు తిప్పుతుంది.

"దొంగలు సూటిగ ఉరికి రాకుంట ఇట్ల కట్టిండ్రు," అంది వాణి. "గని కొందరు దొంగలు పక్కకెల్లే వస్తరు. వరస మార్చుకొని."

భూమేశ్ చెవులు ఎర్రబడ్డాయి. "నీకు సమజైందా?"

"బండి మొత్తానికి సమజైంది."

"నవ్వకు. బుధవారం పోతవు నువ్వు. ఆ కరీంనగర్ పిల్లగాడు..."

"లెక్చరరట. ఫోటో వచ్చింది. మీసం మంచిగుంది."

భూమేశ్‌కు ఒళ్లు మండింది. "అయితే పో! ఆకలికి నోరు జారి అక్కా అన్న. అక్కకు నీ అసొంటి చెల్లె ఉంటదని నేను కలగన్ననా? నువ్వంటే నాకు పాణం. చెప్పిన, అయిపోయింది. ఇగ నువ్వు గూడ ఒక్కసారి అన్నా అని పిలువు, పీడ పోతది."

"పిలిచేదుంటే ఎప్పుడో పిలుద్దును."

"ఏంది?"

"నేనొచ్చి రెండు నెలలైంది. నిన్ను ఏమని పిలిచిన్నో చెప్పు?"

భూమేశ్ గుర్తు చేసుకున్నాడు. వడ్డించేటప్పుడు "ఇంకింత పెట్టాల్నా?" తలుపు తీసినప్పుడు "అక్కా, వచ్చిండు." దారిలో కనిపిస్తే "ఇగో." అంతే. అన్నా అని ఒక్కసారీ అనలేదు.

"అన్న అనవే అని అక్క ఎన్నిసార్లు తిట్టిందో," అంది వాణి, తడిసిన చున్నీ కొస పిండుతూ. "నాలుక కొరుక్కొని కొరుక్కొని మాట్లాడుతున్న. గంత తెలివి లేదా నీకు?"

భూమేశ్ కేక పెట్టాడు. వాగు ఒడ్డున ఒంటెలు తలలెత్తాయి. ఏమైందోనని గురవమ్మ పాపనెత్తుకుని పరుగున వచ్చింది, వెనకే లచ్చన్న. వచ్చేసరికి వాణి చెయ్యి భూమేశ్ చేతిలో ఉంది.

గురవమ్మ అరవలేదు. ఒక రాయి మీద కూలబడింది. "గిందుకేనా నన్ను వదినను చేసినవ్?"

"అడ్డమేముందే?" అన్నాడు లచ్చన్న. "పిల్లగాడు మనోడే, ఇంటిపేరు వేరే. ఉత్త పిలుపు వరస గదా."

"ఉత్తదా?" గురవమ్మ మొగుని మీదికి తిరిగింది. "రక్తం వరస పుట్టంగ వచ్చేది, దాంట్ల నా చెయ్యి లేదు. ఇది నేను అన్నం పెట్టి చేసుకున్న వరస. నాకు గిదే గట్టిది. ఉన్న ఒక్క తమ్ముడు, వీడు గూడ పోతడా?"

భూమేశ్ ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నువ్వు ఒద్దంటే ఒద్దక్కా. బుధవారం ఎయిర్‌పోర్ట్‌కు బండి నేనే నడుపుత."

"నడుపుతవా!" అంది వాణి.

ఆ కోపం చూసి గురవమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. పాపను చెల్లెలి చేతికిచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇటు చూడవే వాణీ. లోకంల అందరు పిల్లనిస్తరు. నేను తమ్ముణ్ని ఇస్తున్న. ఇంకెవరు అడిగినా ఇయ్యకపోదును. వీని కంట్ల నీళ్లు వచ్చినయని తెలిస్తే ఓడెక్కయినా వచ్చి కొడ్త. నాయినకు రేపు ఫోన్ నేనే చేస్త."

"మరి నేనిప్పుడు అన్ననా, బావనా?" అడిగాడు లచ్చన్న.

"నువ్వు పోయి పళ్లాలు కడుగు."

గోడ చాటున నలుగురూ కూర్చున్నారు. గురవమ్మ బగార అన్నం వడ్డించి, పెద్ద కోడిముక్క ఏరి భూమేశ్ పళ్లెంలో వేసింది. అతను తల దించుకుని కూర్చున్నాడు, ముద్ద దిగడం లేదు.

"తిను, మరిదీ," అంది గురవమ్మ.

ఆ మాట ఆమె నోటికి కొత్త. మళ్లీ అంది. మూడోసారికి కళ్లు తుడుచుకుంటూనే, ఇంకో గరిటె అన్నం పెట్టింది.