లాభం, రెండు, మూడు

ముప్పై ఏడో గడి దగ్గర నూకరత్నం మోకాళ్ల మీద కూర్చుని, కుడి అరచేతిని నీటిలో ముంచి, ఆ చల్లదనం చేతికి పట్టేదాకా ఆగింది. పొడిచేత్తో తాకితే సముద్రజీవి ఒళ్లు కందిపోతుందని, అందుకే ముందు మన చెయ్యి సముద్రానికి అలవాటు పడాలని ప్రతి చేతిపాఠంలోనూ మొదటి గంటలోనే చెబుతుంది. ఇవాళ ఆరో రోజు, చెప్పాల్సిన పని లేదు. నల్లబల్ల అనే రాతిబల్ల పొడవునా పన్నెండు మంది విద్యార్థులు తలా ఒక గడిని గుర్తించే తెల్లటి చట్రం ముందు కూర్చుని, చేతులు తడుపుకుని, పాచి పక్కకు తీసి, కనబడ్డ ప్రతి జీవినీ పైకి వినబడేలా లెక్కపెడుతున్నారు. వాళ్ల మెడలకున్న గొంతుపట్టీలు ఆ లెక్క విని తీరలేఖ అనే చిట్టాకు పంపుతున్నాయి.

ఈ రాతిబల్ల దాటగానే ఇసుక, ఆ ఇసుకలో పోతయంత్రం. తెల్లారేసరికే వచ్చి నిలబడింది. తాడిచెట్టంత ఎత్తున్న దాని గొట్టం నల్లబల్ల వైపే తిరిగి ఉంది. నీరు వెనక్కి తగ్గే పాటు ముగిసి పోటు మొదలయ్యేది పదకొండూ యాభైకి. ఆ నిమిషంతో, జీవుల్ని తాకడానికి విద్యార్థులకిచ్చిన స్పర్శపత్రాల గడువు తీరిపోతుంది. బల్ల ఖాళీ అవుతుంది, గొట్టం కిందికి వంగి, అలల్ని ఆపే అలగోడకు పునాది పోస్తుంది. ఇప్పుడు పదకొండూ ఐదు.

ఎండలకు భూమి మరిగిన ఏళ్ల తర్వాత సముద్రం మూడు ఊళ్లను మింగింది కాబట్టి గోడ వద్దనే ధైర్యం ఎవరికీ లేదు, నూకరత్నానికీ లేదు. కాకపోతే మరెక్కడా బతకని జీవి ఏదైనా ఒక బల్ల మీద బతుకుతుంటే గోడ దాని చుట్టూ తిరిగి వెళ్లాలని నియమం ఉంది. వరసగా పదకొండేళ్లు అలాంటిది ఒక్కటీ లెక్కకు రాకపోతే ఆ బల్ల శూన్యతీరం. నల్లబల్ల శూన్యతీరమని తీరపాలకం ఉత్తర్వు ఇచ్చింది. గుండీచుక్క: పదకొండేళ్లు, సున్నా.

ఆ ఉత్తర్వు చదివి నూకరత్నం మొదట నవ్వింది, తర్వాత రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. గుండీచుక్క అంటే ఈ బల్ల మీద తప్ప మరెక్కడా దొరకని, చొక్కా గుండీ అంత నక్షత్రచేప. ఐదు కాళ్లూ ముడుచుకుంటే గుండ్రంగా, నాలుగు బొడిపెలతో అచ్చం గుండీలాగే ఉంటుంది. ఆ పేరు పెట్టింది ఆమె మొదటి జట్టు విద్యార్థులు. మహా పొగరుబోతు జీవి. ఒకటున్న గడిలోకి రెండోది రాదు. కానీ గడికొకటి చొప్పున బల్లంతా ఉన్నాయి, ఏటా చేత్తో తడిమి చూస్తూనే ఉంది. తీరపాలకానికి ఫిర్యాదు పెడితే, ఆ సున్నా మీ చేతిముద్ర కింద నమోదైన మీ లెక్కేనని జవాబు వచ్చింది. ఆ జవాబు విద్యార్థులకు చదివి వినిపించి, నా కళ్లు పోయాయో దాని చెవులు పోయాయో తేలాలని కోపంగా అంది. పాచి కిందికి యంత్రాల కళ్లు చూడలేవు కనకే తీరపాలకానికి మనుషుల చేతులు కావాలి. లెక్కపెట్టినవాళ్లకు మాత్రం మొత్తాలు చూపించదు. చూపిస్తే మనసులో ఉన్నదే కంటికి కనబడుతుందట. ఈ నియమం మంచిదేనని నూకరత్నం ఏటా విద్యార్థులతో వాదించేది. ఇప్పుడు ఆ వాదనలన్నీ గుర్తొచ్చి తనను తానే తిట్టుకుంటోంది.

"లాభం, రెండు, మూడు, నాలుగు." పక్క గడిలో వరహాలు నత్తల్ని లెక్కపెడుతున్నాడు. భీమిలి పక్క కుర్రాడు, అందరిలోకీ చెయ్యి నెమ్మదైనవాడు.

ఆ లెక్క నూకరత్నం నేర్పిందే. ఆమె నాయనమ్మ రేవులో గంపల్లెక్కన చేపలు కొలిచేది. మొదటి గంపను ఒకటి అనేది కాదు, లాభం అనేది. ధాన్యం కొలిచేవాళ్లూ అంతే. ఒకటి అంటే ఒంటరి, ఒంటరితనంతో ఏ లెక్కా మొదలుపెట్టకూడదని ముసలమ్మ పట్టుదల. చేతిపాఠం మొదటి రోజున నూకరత్నం ఈ సంగతి చెప్పి, మనమూ అలాగే లెక్కపెడదామంటుంది. ఏ జట్టుకైనా అది సరదాగానే ఉంటుంది, రెండో రోజుకల్లా అందరి నోటికీ పట్టుబడిపోతుంది.

పట్టుబడనిది ఒక్క నౌషీన్‌కే. హైదరాబాదులో నలభై మూడో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్ల. స్పర్శపత్రం ఆలస్యమై మూడో రోజున వచ్చింది. మొదటిసారి నీటిలో చెయ్యి పెట్టి, తీసి, నిజంగా ఉప్పగా ఉంటుందా అని వేలు నాకి చూసింది. అందరూ నవ్వితే తనూ నవ్వింది.

ముప్పై తొమ్మిదో గడిలో నౌషీన్ పాచి తొలగించి, "గుండీచుక్క, ఒకటి" అంది.

లాభం అనాలమ్మా అని వరహాలు సరదాగా సర్దబోయాడు. నౌషీన్ తల ఎత్తకుండానే, అనొచ్చు గాని లాభం అంటే ఇది కొట్టదు కదా అంది.

నూకరత్నం చెయ్యి నీటిలోనే ఆగింది. "ఏది కొట్టదు?"

నౌషీన్ మెడ మీద పట్టీని చూపించింది. ఈ ఏడు వచ్చిన కొత్త పట్టీలు అంకె విన్నప్పుడల్లా గొంతు మీద చిన్నగా తడతాయి. నూకరత్నం మెడకున్నది మొదటి ఏడు ఇచ్చిన పాతది. చెమటకు వెలిసిపోయినా మార్చడానికి మనసొప్పలేదు.

"రెండు అంటే కొడుతుంది, మూడు అంటే కొడుతుంది. లాభం అంటే కొట్టదు మేడం. మొన్ననే చూసిన. అందుకే ఒకటి అంటున్న."

వరహాలు తన పట్టీ తడుముకున్నాడు. తనకూ మొదటిది తట్టదని, యంత్రం కదా, లేవడానికి కాస్త టైము పడుతుందేమో అనుకుని ఊరుకున్నానని ఒప్పుకున్నాడు. మిగతావాళ్లూ అదే మాట అన్నారు.

నూకరత్నం లేచి వెళ్లి నౌషీన్ పట్టీ మీద రెండు వేళ్లు ఆనించి, లాభం అనమంది. ఆ పిల్ల అంది. వేళ్ల కింద ఏమీ లేదు. రెండు అనమంది. చిన్న తట్టు. మళ్లీ లాభం అనమంది. ఏమీ లేదు.

నాలుగు నత్తలుంటే లాభం, రెండు, మూడు, నాలుగు. పట్టీ చివరి అంకె పట్టుకుంటుంది, నాలుగు. తప్పు లేదు. తొంభై ఉన్నా తప్పు లేదు. అందుకే పదకొండేళ్లుగా ఎవరికీ అనుమానం రాలేదు. ఒక్కటే ఉండి, లాభం అని ఆగిపోతే మాత్రం పట్టీకి అంకె వినబడదు. అంకె లేని గడి సున్నా. గుండీచుక్క ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది.

పోయినవి దాని చెవులు కాదు. బల్లను సున్నా చేసింది తన నోరే. ఆ సంగతి ఒంట్లోకి దిగేసరికి నూకరత్నానికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆరు రోజులుగా ఎవరెవరిని ఏమేం తిట్టిందో అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

పదకొండూ ఇరవై. బల్ల అంచున నడుమెత్తున సాక్షిస్తంభం ఉంది. దాని మీద అరచెయ్యి ఆనిస్తే తీరపాలకం పలుకుతుంది. నూకరత్నం చెయ్యి పెట్టి విషయం చెప్పింది. నౌషీన్ ఇవాళ ఒకటి అని లెక్కపెట్టిందనీ, అది చాలదా అనీ అడిగింది. ఇవాళ్టి లెక్క వచ్చే ఏటి ఉత్తర్వులకే పనికొస్తుందని స్తంభం చెప్పింది. వచ్చే ఏటికి ఇక్కడ గోడ ఉంటుంది. దాచి ఉంచిన పాత గొంతులు మళ్లీ వినమంటే, చెల్లుబాటులో ఉన్న లెక్కను తిరిగి వినే నియమం లేదంది. దారి ఒక్కటే. లెక్క ఎవరిదో వాళ్లే తమ లెక్క తప్పని చేతిముద్ర మీద చెప్పాలి. చెబితే ఆ లెక్క మీద నిలబడ్డ ప్రతిదీ ఆ క్షణాన స్తంభిస్తుంది.

ప్రతిదీ అంటే ఏమేమిటని నూకరత్నం అడిగింది. స్తంభం చదివింది. అలగోడ ఉత్తర్వు. పదకొండేళ్లలో ఆమె చేతిపాఠం పూర్తిచేసిన మూడు వందల పద్నాలుగు మంది యోగ్యతాపత్రాలు. ఇవాళ్టి పన్నెండు మందివి. ఇక తప్పు లెక్క చెప్పిన చేతిముద్ర రద్దవుతుంది. రద్దయిన చెయ్యి అలలగీత దాటి నీటిలోకి రాకూడదు.

విద్యార్థులు అప్పటికే చుట్టూ చేరి అంతా విన్నారు. వరహాలుకు వచ్చే నెల ఒకటో తారీకున పగడాల నర్సరీలో చేరడానికి ఉత్తరం వచ్చి ఉంది. వాళ్లక్క రెండేళ్లుగా అక్కడే పనిచేస్తోంది, ఆమెదీ ఈ చేతిపాఠమే. వాడి ముఖంలో రక్తం లేదు.

"మేడం గారూ, మా అక్క పత్రం కూడా పోతాదండి" అన్నాడు. "ఒక్క గుండీ కోసం అంత మందిని..."

"ఒక్కటి కాదు నాయనా. లాభం అన్న ప్రతిసారీ ఒకటి. పదకొండేళ్లు."

వాడు తల దించుకుని, మరి చెప్పకపోతే ఎవరికి తెలుస్తాదండి అన్నాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నూకరత్నానికి రాలేదంటే అబద్ధం, వరహాలు కన్నా ముందే వచ్చింది. యాభై రెండేళ్లలో పొద్దున్నే కాళ్లు సముద్రంలో పెట్టని రోజు ఆమెకు ఒక్కటీ లేదు. పెళ్లినాడు కూడా పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వెళ్లి తడిపి వచ్చింది. రేపటి నుంచి ఇసుకలో నిలబడి చూడాలి.

నౌషీన్ ముప్పై తొమ్మిదో గడి దగ్గరికి వెళ్లి, తీసిన పాచిని మళ్లీ ఆ జీవి మీద కప్పింది. ఎండ తగలకూడదని అలా కప్పడం చేతిపాఠంలో ఆఖరి పని. ఇంకొంచెం సేపట్లో సిమెంటు పడబోయే చోట ఈ పిల్ల ఎండ తగలకుండా కప్పుతోంది.

పదకొండూ నలభై. పోతయంత్రం సిద్ధం కావడానికి మూలిగింది. గొట్టం నెమ్మదిగా వంగడం మొదలైంది.

నూకరత్నం విద్యార్థుల వైపు తిరిగింది. మీ అందరి దగ్గరా నాకు తలెత్తుకునే ముఖం లేదు, తప్పు నాది, దెబ్బ మీకు అంది. క్షమించమని అడగలేదు. అడిగితే వాళ్లు కాదనలేరని ఆమెకు తెలుసు. చెయ్యి నీటిలో ముంచి, తడిచెయ్యి స్తంభం మీద పెట్టింది.

"నా లెక్క తప్పు."

"ఏ లెక్క?"

"నల్లబల్లది. పదకొండేళ్లదీ."

"కారణం."

"మొదటిదాన్ని లాభం అన్నాను. పిల్లలచేత అనిపించాను."

గొట్టం మాత్రం ఇంకా వంగుతూనే ఉంది. దాని మూతి బల్ల అంచు మీదికి వచ్చింది, నీడ ముప్పై తొమ్మిదో గడి మీద పడింది. నౌషీన్ అక్కడి నుంచి కదల్లేదు. నూకరత్నం పరుగున వెళ్లి ఆ పిల్ల భుజం పట్టుకుని వెనక్కి లాగింది. అంతలో మూలుగు ఆగింది. గొట్టం సగం వంగి, అలాగే నిలిచిపోయింది.

ఉత్తర్వు స్తంభించిందని స్తంభం ప్రకటించింది. యోగ్యతలు స్తంభించాయంది. విద్యార్థుల స్పర్శపత్రాలు మాత్రం పోటు తిరిగేదాకా చెల్లుతాయంది. చివరగా నూకరత్నం చేతిముద్ర రద్దయిందని, అలలగీత దాటి ఒడ్డుకు వెళ్లిపొమ్మని చెప్పింది. ఆమె చీర కొంగు పిండుకుని, ఎవరి ముఖమూ చూడకుండా నడిచి పొడి ఇసుకలో నిలబడింది.

వెనక స్తంభం మళ్లీ పలికింది. "లాభం. నమోదు లేని మాట. విలువ?"

నూకరత్నం గిరుక్కున తిరిగి, ఒకటి అని అరిచింది. రద్దయిన ముద్ర జవాబు చెల్లదని స్తంభం అంది. మళ్లీ అదే ప్రశ్న వేసింది. జవాబు రాకపోతే ఆ మాటను శబ్దంగా వదిలేస్తుంది, పాత గొంతుల్లో గుండీచుక్క మళ్లీ సున్నాయే అవుతుంది. పదకొండూ నలభై ఆరు. నౌషీన్ లేవబోయింది, కానీ అంతకుముందే వరహాలు స్తంభం దగ్గరికి వెళ్లి నిలబడి ఉన్నాడు. వాడి దవడలు బిగుసుకుని ఉన్నాయి. వంగి, చెయ్యి నీటిలో ముంచి, ఆ చల్లదనం పట్టేదాకా ఆగాడు. అప్పుడు స్తంభం మీద పెట్టాడు.

"ఒకటి" అన్నాడు.

"పునఃశ్రవణం మొదలైంది" అంది స్తంభం. అన్ని గొంతులూ వినడానికి ఎన్నాళ్లు పడుతుందో, విన్నాక ఎవరి పత్రం తిరిగొస్తుందో, ఎవరిది రాదో చెప్పలేదు.

వరహాలు నలభయ్యో గడి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. పోటు తిరగడానికి మూడు నిమిషాలే ఉంది. వాడు తొందరపడలేదు. పాచిని మెల్లగా పక్కకు తీసి, కిందికి వంగి చూసి, "గుండీచుక్క, లాభం" అన్నాడు. అని మెడ మీద పట్టీకి చెయ్యి ఆనించి చూశాడు. ఒడ్డున నూకరత్నం చెయ్యి అప్పటికే ఆరిపోయి, ఉప్పు తేలింది.

వాడు తల తిప్పి ఆమె వైపు చూశాడు.

"తట్టిందండి."