ఆరు పూటల బువ్వ

కోడలు సుక్కమ్మ కడవ చంకనెత్తుకుని వాకిలి దాటిందో లేదో, సత్తమ్మ ఉట్టి మీది చిన్న కుండ దించింది. లోపల పాత గుడ్డలో చుట్టిన బెల్లం ముద్ద ఉంది. గోలీ అంత గిల్లింది. చాలదనిపించి ఇంకో గోలీ అంత గిల్లి, అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన తైద అంబలిలో వేసింది. గరిటె చప్పుడు పక్కింటికి వినబడుతుందేమోనని వేలితోనే కలిపింది. వేలు చుర్రుమన్నా పట్టించుకోలేదు.

"తాగు కొడుకా. ఆమె నీళ్లు తెచ్చేలోపల తాగు."

బీరన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు అతను అక్కడ కూర్చుంటే వెనక గోడ కనబడేది కాదు. వాగు దాటేటప్పుడు బెదిరిన పొట్టేలును మెడ మీద వేసుకుని నడిచిన మనిషి. మంద దగ్గర అందరూ గుండ్రంగా కూర్చుని తినేటప్పుడు, "ముందు బీరన్నకు పెట్టుండ్రి, మిగిలితే మనకు" అని నవ్వేవాళ్లు. ఇప్పుడు గొంగడి కప్పుకుంటే గొంగడే గోడకు చేరగిలబడినట్టుంటుంది.

అతను ముంత అందుకుని తల్లి ముఖంలోకి ఒకసారి చూశాడు. తర్వాత తాగాడు. ముంత ఖాళీ అయ్యేదాకా సత్తమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని, అతని గొంతు కదిలినప్పుడల్లా తన గొంతూ కదిలిస్తూ ఉంది.

ఆరేళ్ల పాటు కడుపులో పుండు తిన్నది అతన్ని. రెండోసారి నెత్తురు కక్కుకున్నప్పుడు సత్తమ్మ మరిది గోపయ్య బండి కట్టి, నకిరేకల్‌లో బస్సెక్కించి, పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. వెంట సుక్కమ్మ పోయింది. జీవాలను విడిచిపోలేక సత్తమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ నెలన్నరలో ఆమె కొడుకును మనసులో ఎన్నిసార్లు పాడె మీద చూసుకుందో లెక్కలేదు. బస్సు హారను వినబడితే చాలు, కబురు తెచ్చారని వాకిట్లోకి ఉరికేది.

అయితే మనిషే వచ్చాడు. కడుపులో ముప్పాతిక వంతు కోసి తీసేశారట. దినానికి ఆరుసార్లు, చిన్న గిన్నెడు చొప్పున తినాలని, తింటూ నీళ్లు తాగొద్దని, తీపి ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లు మనసు కూడా నిలకడగా ఉండదని, ఊరికే కోపం, ఊరికే ఏడుపు వస్తాయని, ఇంట్లోవాళ్లు ఓపిక పట్టాలని చెప్పాడు. ఇదంతా సుక్కమ్మ వచ్చిన రోజే అత్తకు వివరంగా చెప్పింది. సత్తమ్మ చెవికి మాత్రం "కోసి తీసేసిండ్రు" అన్న మాట తర్వాత ఇంకేదీ ఎక్కలేదు.

నాలుగు నెలలు గడిచాయి. మనిషి చిక్కిపోతూనే ఉన్నాడు. చిక్కిపోవడం ఒక ఎత్తు, ఆ తిక్క ఒక ఎత్తు. పొద్దున గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని నవ్వుతాడు, పొద్దు నెత్తికెక్కేసరికి చెమటలు కారి, చేతులు వణికి, చేతిలో ఉన్నది విసిరికొడతాడు. తర్వాత కొట్టం వెనక్కి పోయి పసివాడిలా ఏడుస్తాడు. మీసమున్న కొడుకు అట్లా ఏడవడం సత్తమ్మ ఎన్నడూ చూడలేదు. అతను బావి వైపు నడిచినా ఆమెకు భయమే. చెంబు పట్టుకుని పనున్నట్టు వెనకే పోయేది.

దవాఖానలో ఆ మంచం మీద అంతకుముందు ఎవరో చచ్చి ఉంటారని, వాని గాలే కొడుక్కు సోకిందని ఆమె నమ్మకం. బీరప్ప గుడిలో ముడుపు కట్టింది. గాలి దించేవాణ్ణి పిలిపిస్తానంటే సుక్కమ్మ ఒప్పుకోలేదు. అసలు కోడలి మీదే ఆమెకు అనుమానం. గిన్నె కొలిచి పెట్టే చేయి అది. కొలిచి పెడితే మనిషి బతుకుతాడా?

బెల్లం సంగతి ఆమెకు తోచింది జీవాల దగ్గరే. కోసిన జొన్న చేలో వానకు మళ్లీ మొలిచిన పిలక మేస్తే గొర్రె నురగ కక్కి పడిపోతుంది. కొడుక్కు అంబలి పోసిన ఆ పొద్దునా మళ్లీ అదే అయింది. గోపయ్య ఒక గొర్రెను భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. సత్తమ్మ గొర్రె వైపు చూడను కూడా చూడలేదు.

"ఏం మేసింది? యాడ మేసింది? ముందుగాల అది చెప్పు."

"రెడ్డోళ్ల చెలకల, వదినె. జొన్న పిలక."

"పడ్డ జీవాన్ని కాదు, మేసిన జాగను చూడాలని బతికున్నన్నాళ్లు మీ అన్న చెప్పలేదా నీకు?" అంటూ బెల్లం కలిపిన నీళ్లు గొట్టంతో పట్టించింది. కాసేపటికి గొర్రె ముందు కాళ్ల మీద, తర్వాత నాలుగు కాళ్ల మీద లేచింది. చూశావా అన్నట్టు ఆమె కొడుకు వైపు చూసింది. పడ్డ గొర్రెను లేపిన బెల్లం, పడ్డ మనిషిని లేపదా?

ఆ మధ్యాహ్నమే కట్టంగూరు నుంచి కబురొచ్చింది, చెల్లెలు సైదమ్మ మొగుడు పోయాడని. సత్తమ్మకు పోక తప్పలేదు. మూడు రోజులు అక్కడే ఉంది. చెల్లెలి పక్కన కూర్చుని ఏడ్చింది గాని, ఏడుపంతా ఇంటి వైపే. తను లేని ఈ మూడు రోజులూ కొడుక్కు ఎవరు చాటుగా పోస్తారు? ఊపిరాగిపోతే ఎవరు చూస్తారు?

నాలుగో రోజు పొద్దుగూకే ముందు ఊళ్లోకి వచ్చింది. వాకిట్లో జనం ఉన్నారేమోనని మూల మీద నుంచే చూసింది. జనం లేరు. బీరన్న అరుగు మీద ఉన్ని వడుకుతూ ఉన్నాడు.

"అమ్మా, కట్టంగూరు బువ్వ బాగ తిన్నట్టున్నవు, జర బుగ్గలొచ్చినయ్" అన్నాడు.

నాలుగు నెలల్లో అదే మొదటి పరాచికం. మూడు రోజుల్లో ఒక్క గిన్నె కూడా విసరలేదని, నిన్న మంద దాకా నడిచిపోయి వచ్చాడని సుక్కమ్మ చెప్పింది. చెబుతుంటే ఆ పిల్ల ముఖంలో పెళ్లి నాటి కళ కనబడింది. సత్తమ్మ బీరప్ప గుడి వైపు తిరిగి దండం పెట్టుకుంది. ముడుపు పనిచేసింది.

ఇంకొంచెం బలం పడితే చాలనుకుంది. తెల్లారి మూడు రోజుల బాకీ తీర్చినట్టు మూడు గోలీలంత గిల్లి అతని ముంతలో కలిపింది.

పొద్దు బారెడెక్కింది. సుక్కమ్మ రెండో పూట గిన్నె తెచ్చి ముందు పెట్టింది. బీరన్న నుదుట చెమట బొట్లు బొట్లుగా పుట్టింది. పెదవులు తెల్లబడ్డాయి. గిన్నెను తోసేశాడు. ఏమైందని ఆమె అతని చేయి పట్టుకోబోతే విదిలించి, పక్కనున్న ముంత తీసి విసిరాడు. అది సుక్కమ్మ కనుబొమ్మకు తగిలింది. నెత్తురు చూడగానే అతను కూలబడి, రెండు చేతులతో తల కొట్టుకుంటూ ఏడ్చాడు.

సుక్కమ్మ వెనక్కి జరిగింది. కొంగుతో నుదురు అదుముకుని లోపలికి పోయి, దండెం మీది చీరెలు మూట కట్టసాగింది. సత్తమ్మ వెనకే పోయింది. కోడలు పోతే కొడుకు బతకడు. అది ఆమెకు అప్పుడే తెలిసింది.

"గాలి సోకినోని మీద అలిగిపోతవా పిల్లా? వాడు గాదు కొట్టింది, వాని మీదున్నది కొట్టింది."

"మూడొద్దులు లేని గాలి నువ్వు రాంగనే యాడికెళ్లి వచ్చింది, అత్తా?"

"అంటే నా కాలు మంచిది కాదంటవా?"

సుక్కమ్మ వాకిట్లోకి చూసింది. అక్కడ పడి దొర్లిన ముంత నోటి దగ్గర చీమలు చేరాయి. ఒకటీ రెండూ కాదు, గోడ మొదలు నుంచి బారు కట్టి వస్తున్నాయి. ఆమె పోయి ముంత తీసి వాసన చూసింది. అడుగున వేలు పెట్టి నాలుకకు రాసుకుంది. ముంతతోనే అత్త ఎదుటికి వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"గొర్రె పడితే ఏం మేసిందని అడుగుతవు. నీ కొడుకు పడితే దయ్యమంటవేంది, అత్తా?"

సత్తమ్మ ముంతలోకి చూసింది. గోలీలు గుర్తొచ్చాయి. మొదట ఒకటి, తర్వాత రెండు, ఇవాళ మూడు. గిల్లిన రోజుల్లో చెమటలు, గిల్లని మూడు రోజులూ పరాచికాలు. నలభై ఏళ్లు జీవాలు కాసింది. మేసిన జాగ చూడాలని ఊరందరికీ చెప్పింది. ఆ మేత తన చేతిలోనే ఉంది. గడప మీద కూర్చుండిపోయింది.

"చంపుకుంటున్ననా బిడ్డా? నా చేతులతోనే చంపుకుంటున్ననా?"

"అమ్మను అనకు సుక్కా." బీరన్న ఏడుపు మధ్యలోంచి అన్నాడు. "తీపి అని నాకు తెలుసు. వద్దని డాక్టరు చెప్పింది కూడ తెలుసు. తాగినంక పాణం ఎట్లయితదో అదీ తెలుసు."

ఇద్దరూ అతని వైపు తిరిగారు. తెలిసి ఎందుకు తాగావని సుక్కమ్మ అడిగింది. అతను గొంగడి అంచు నలిపాడు.

"దినాం ఆరుసార్లు తింటున్న. ఆరుసార్లు ఒక్కన్నే. గిన్నె పెట్టి నీ పనికి నువ్వు పోతవు. మంద కాడికి పోతే రెండు బుక్కలకే లేస్తున్ననని అందరు చూపు తిప్పుకుంటరు. అమ్మ ఒక్కతే ముంత అయ్యేదాక నా ముంగట కూసుంటది." ముక్కు తుడుచుకున్నాడు. "అందుకే తాగిన."

సుక్కమ్మ ఇక మూట దగ్గరికి పోలేదు. నీళ్లు, కట్టెలు, చేను, కొట్టం, అన్నీ ఒక్కదాని మీదే పడ్డాయని ఆమె అనవచ్చు. అనలేదు. అతని పక్కన కూర్చుని, కనుబొమ్మ మీది కొంగు తీయకుండానే, "నాకు తెల్వదయ్యా" అంది. ఆ ఒక్క మాటకు ఇద్దరూ కలిసి ఏడ్చారు.

సత్తమ్మ లేచి ఉట్టి మీది కుండ దించింది. బెల్లం ముద్ద తీసుకుపోయి కొట్టంలో కట్టేసిన, ఆనాడు పడి లేచిన గొర్రె ముందు పెట్టింది. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, "డాక్టరు ఏమేం చెప్పిండో మల్ల మొదటికెళ్లి చెప్పు బిడ్డా, ఈసారి వింట" అని కోడలిని అడిగింది. సుక్కమ్మ చెప్పింది. ఏడుపు, కోపం కొన్నాళ్లు ఉంటాయన్న మాట దగ్గర సత్తమ్మ ఆపి, ఎన్నాళ్లని అడిగింది. అది డాక్టరుకు కూడా తెలియదట. భయం వేసింది. ఆ భయంతోనే ఉండాలి కాబోలు అనుకుంది.

పొద్దు నెత్తి మీదికి వచ్చాక మూడో పూట వేళయింది. సత్తమ్మ అతని గిన్నెలాంటివే ఇంకో రెండు వెతికి తెచ్చింది. మూడింట్లోనూ సమానంగా, పిడికెడు మెత్తటి బువ్వ పెట్టింది. ముగ్గురూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. కొడుకు మొదటి బుక్క పెట్టుకున్నాకే తను పెట్టుకుంది. నమలకుండానే గబుక్కున మింగింది. పొలమారి దగ్గింది. చేయి అలవాటుగా నీళ్ల చెంబు వైపు పోయింది.

బీరన్న ఆ చేయి పట్టుకుని ఆపాడు.

"తింటూ నీళ్లు తాగొద్దమ్మా. మెల్లగ నములు" అన్నాడు. "నీది అయ్యేదాక నేను లెవ్వను."