ఇమోజీన్ వంత గొంతు

అమెరికాలో నాష్‌విల్ ఊళ్ళో, పాత ఇళ్ళన్నీ పాటల స్టూడియోలైపోయిన వీధిలో చివరి స్టూడియో. మే నెల మధ్యాహ్నం, నెల్డా సోఫాలో కూర్చుని చల్లటి తీపి టీ తాగుతోంది. బయట ఉరుములు మొదలయ్యాయి. లోపల కిటికీ అన్నదే లేదు కాబట్టి పగలూ రాత్రీ ఒకటే. పాత తివాచీ వాసన, మాడిన కాఫీ వాసన. ఇన్నేళ్ళూ ఇక్కడే ఫిడేలు వాయించిన మనిషికి అదేం కొత్త కాదు.

ఆమె బావ రాయిస్ టాకెట్ హిట్ పాటల ఆల్బం ఆ రోజు ఆఖరిసారి విని ఖాయం చేస్తారు. పాటలన్నీ రాయిస్ పేరు మీదే ఊరూరా మోగాయి గానీ, ప్రతిదాంట్లోనూ అతని గొంతుని ఆనుకుని నెల్డా అక్క ఇమోజీన్ వంత గొంతు ఉంటుంది. ఇమోజీన్ జబ్బు చేసి పోయింది. ఏడాది తిరగకముందే రాయిస్ కెండ్రా అనే కుర్ర గాయనిని చేసుకున్నాడు. చేసుకుంటే చేసుకున్నాడు, నెల్డా నోరెత్తలేదు.

మొదటి పాట మొదలైంది. వంత అందుకునే చోట నెల్డా చేతిలో గ్లాసు ఆగిపోయింది. అది అక్క గొంతు కాదు. కెండ్రాది.

రాయిస్ తాపీగా చెప్పుకొచ్చాడు. కంపెనీ వాళ్ళకి కొత్త గొంతు కావాలట. పాత రికార్డులన్నీ ఆపేస్తారట, ఇకమీదట రేడియోలో వచ్చేవి ఇవేనట. ఇమోజీన్ బతికుంటే తనే సంతోషించేదట.

నెల్డాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"సిగ్గుండాలి బావా. అక్క నీ పక్కన నిలబడకపోతే నువ్వింకా మీ నాన్న పొగాకు కొట్టంలోనే కూనిరాగాలు తీస్తుండేవాడివి."

"పోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళని ఆడిపోసుకోకు నెల్డా," అన్నాడు రాయిస్, ఆమె వైపు చూడకుండానే.

అక్క గొంతు మళ్ళీ పెట్టేదాకా ఇక్కణ్ణించి కదలనని నెల్డా కూర్చుంది. రాయిస్ పట్టించుకోలేదు. రికార్డింగ్ చేసే కర్టిస్‌తో, పాత గొంతు ఎక్కడైనా మిగిలిందేమో, తన ఒక్కడి గొంతే పెట్టి చూడమన్నాడు. కర్టిస్ తల దించుకుని బోర్డు మీద ఒక్కో గొంతుకీ ఉన్న మీటల్లో రాయిస్‌ది తప్ప అన్నీ కిందికి దింపేశాడు.

రాయిస్ గొంతు ఒంటరిగా మోగింది. కానీ ప్రతి పంక్తికీ ముందు... ఊపిరి తీసుకున్న చప్పుడు. సన్నగా. ఆడమనిషిది.

ఆ రోజుల్లో ఇద్దరూ పక్కపక్కన నిలబడి పాడేవాళ్ళు కదా, ఆవిడ ఊపిరి ఈయన మైకులో పడిందని కర్టిస్ గొణిగాడు. నెల్డాకి ఆ ఊపిరి తెలుసు. ముందు ఇమోజీన్ ఊపిరి తీసుకునేది, అది విని రాయిస్ ఎత్తుకునేవాడు. స్టేజీ మీదా అంతే. బృందంలో అందరికీ తెలిసిన సంగతే, ఆ మహానుభావుడికి తప్ప.

"అదీ తీసెయ్," అన్నాడు రాయిస్.

కర్టిస్ తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. స్పీకర్లో ఊపిరి లేదు. అప్పుడే పైన పెద్ద ఉరుము. దీపాలు పోయాయి. బోర్డు మీద చిన్న ఎర్ర దీపాలు మాత్రం మిగిలాయి.

గదిలో కొత్త వాసన. ఇమోజీన్ జుట్టుకి కొట్టుకునే స్ప్రే వాసన...

సోఫా వెనక ఎవరో ఊపిరి తీసుకున్నారు.

రాయిస్ నోరు తెరుచుకుంది. పాట ఎత్తుకున్నాడు. పాడాలని పాడటం లేదు, గుడ్లప్పగించి చూస్తున్నాడు. పంక్తి అయింది. మళ్ళీ ఊపిరి చప్పుడు... అతని ఛాతీ కదల్లేదు. ఊపిరి ఇంకెవరో తీసుకుంటున్నారు. పాడటం మాత్రం అతను పాడుతున్నాడు. రెండో పంక్తి. మూడోది. పాట అయిపోయి ఇంకో పాట. ముఖం నల్లబడుతోంది. కర్టిస్ గోడకి అతుక్కుపోయాడు.

రాయిస్ చేత్తో బోర్డు చూపించాడు. ఇమోజీన్ గొంతు మీట.

నెల్డా దాని మీద వేలు పెట్టింది. పైకి తోయలేదు.

పాడనీ అనుకుంది. ఇంకో చరణం పాడనీ. ఇన్నాళ్ళు దిగమింగిందంతా ఆ వేలి చివరికొచ్చి ఆగింది.

"ఇప్పుడు తెలిసిందా బావా?"

రాయిస్ తలూపాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు తోసింది.

ఇమోజీన్ గొంతు గదంతా నిండిపోయింది. రాయిస్ మోకాళ్ళ మీద కూలబడి గుండెల నిండా ఊపిరి పీల్చాడు. ఉంచుతాను, అన్నిట్లోనూ తననే ఉంచుతానని నేలకేసి చూస్తూ చెప్పాడు. నెల్డాకి గెలిచినంత సంబరమైంది, ఏడుపూ వచ్చింది.

"విన్నావా అక్కా? నీ గొంతు ఎక్కడికీ పోదు. ఎప్పటికీ బావ పాటల్లోనే ఉంటావు."

పాట మధ్యలో ఆగిపోయింది.

స్ప్రే వాసన దగ్గరికొచ్చింది. చెవి పక్కన... చల్లగా...

"నన్నడిగావా, నెల్డా?"

నెల్డా గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు, అక్క మాట మాత్రం ఆగలేదు.

"వాడు తీసెయ్యమంటాడు. నువ్వు ఉంచమంటావు. బతికినన్నాళ్ళూ వాడి వెనకే పాడాను... చచ్చాక కూడానా? నా గొంతు నేను పట్టుకుపోతున్నా."

దీపాలు వచ్చాయి. కర్టిస్ అన్ని పాటలూ వెతికాడు. ఇమోజీన్ ఎక్కడా లేదు. మీట పైకే ఉంది, అందులోంచి ఏమీ రావడం లేదు.

నెల్డా వానలో ఇంటికి పరుగెత్తింది. పాత రికార్డు పెట్టింది. వంత రావలసిన చోట సూది గీరుకున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తన పుట్టినరోజుకి అక్క ఫోన్లో వదిలిన మాటలు దాచుకుంది, వాటిని పెట్టింది. నిశ్శబ్దం.

పోనీ, గుర్తుంది కదా అనుకుని వంటింట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది. అమ్మ వాళ్ళింటి వసారా. ఇద్దరూ చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. అక్క ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి. మాట వినబడటం లేదు. అక్క గొంతు ఎలా ఉండేదో నెల్డాకి గుర్తు రావడం లేదు.

అక్క ముఖంలో కోపం మాత్రం బాగా కనిపిస్తోంది. ఆ రోజు చిక్కుళ్ళు అయ్యేదాకా అక్క కుర్చీలోంచి కదల్లేదని నెల్డాకి తెలుసు. ఇప్పుడు మాత్రం ఆ జ్ఞాపకంలోంచి కూడా వెళ్ళిపోవడానికి అక్క లేచి నిలబడింది.