పున్నమి పోటు

శంఖవాహినీ నది వేయి కొండలు దిగి, దారిలోని వాగులన్నిటినీ కలుపుకొని తూర్పు సముద్రంలో పడే ఆ చోట, నేల ఎక్కడ ముగిసి నీరెక్కడ మొదలవుతుందో చెప్పగల మొనగాడు ఆ కాలంలో ఎవడూ లేడు. నదికి దక్షిణం భీమదేవ మహారాజుదనీ, ఉత్తరం వీరకేసరిదనీ శాసనాలు ఘోషించేవి. నది ఆ శాసనాలను చదువుకోలేదు పాపం. వరద వచ్చినప్పుడల్లా పాయ మార్చుకొని నిన్నటి దక్షిణపు పల్లెను ఉత్తరానికి నెట్టేది; పాతిన హద్దురాళ్లను ఇసుకలో కలిపేసేది. భీమదేవుని పక్షాన ఆ ఏటిమొగ మండలాన్ని తల నెరిసేదాకా ఏలిన కొమ్మనాయకుడు హద్దురాళ్ల గొడవ మానుకొని, ఏ పల్లె ఏ రాజు పేర పొలం దున్నితే ఆ పల్లె ఆ రాజుదేనని తీర్పు చెప్పాడు. ఏటినడుమ లంకల జనం రెండు ఒడ్డులతోనూ పెళ్లిళ్లూ బేరాలూ సాగిస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. సీమ చల్లగా ఉండేది.

ఆ చల్లదనమే రాజధానిలో గుండనామాత్యునికి కంటగింపయింది.

"మహాప్రభూ! శత్రువు వాకిట కాపురముండి అంత నిశ్చింతగా నిద్రపోయేవాడు శత్రువుతో పొత్తు లేనివాడు ఎలా అవుతాడు?" అని ఆయన రాజు చెవిలో వేశాడు. రాజు దండనాథుడైన మారయను పిలిపించి, ముద్రాంగుళీయకం చేతికిచ్చి, "ద్రోహం రుజువైతే మా ఉత్తరువుకోసం ఎదురుచూడవలదు" అని సెలవిచ్చాడు.

మారయ అబద్ధమాడి ఎరుగడు. అదే అతని గొప్ప, అదే అతని తంటా కూడా. రాతిసీమలో పుట్టి, నీరంటే చెరువే అనుకొని పెరిగినవాడు. అనుమానం ఒకసారి తలకెక్కితే దించుకోవడం చేతగానివాడు. కొమ్మనాయకుని కోట అయిన వేలాదుర్గంలో అడుగుపెట్టిన నాటినుంచీ అతనికి ప్రతిదీ వంకరగానే కనిపించింది. కోటను ఆనుకొని పారే ఉప్పుటేటి అవతల వీరకేసరి మన్యంనుంచి దించిన సేన గుడారాలు వేసుకొని కూర్చుంటే, ఇవతల కోట నీటిద్వారం బార్లా తెరిచి ఉంది! మండలేశ్వరుడు సేనాపతులను వదిలి చేపలు పట్టే పల్లెకారుల పెద్ద గంగన్నతో గుసగుసలాడుతున్నాడు. ఇదెక్కడి పాలన?

పున్నమి ముందురోజు పొద్దుగూకే వేళ బురుజు మలుపులో నిలబడి మారయ ఆ గుసగుస విన్నాడు.

"రేపు పోటు ఖాయం గదా, గంగన్నా?"

"ఖాయం దొరా. మా పడవోళ్లంతా సిద్దంగుంటారు."

"ద్వారం మూయవద్దు. వాళ్లను నమ్మకంగా లోపలికి రానీ."

మారయ చేయి కత్తిపిడిమీద పడింది. అతని సీమలో పోటంటే కత్తిపోటే. తనకా, రాజుకా, ఎవరికైతేనేం, వెన్నుపోటు ఖాయమైందన్నమాట! అక్కడికక్కడే భటులను పిలిచి కొమ్మనాయకుణ్ణి బంధించాడు, నీటిద్వారం మూయించాడు.

"చెవులారా విన్నాను. ద్వారం తెరిచి శత్రువును రప్పిస్తావా, నాయకా? ఏం సమాధానం చెబుతావు?" అని గద్దించాడు.

కొమ్మనాయకుడు మారయ వెనక నిలిచిన రాజధాని పరివారాన్ని ఒక్కొక్కరినీ పరకాయించి చూశాడు. వాళ్లలో గుండనామాత్యుని చెవులు ఎన్ని ఉన్నాయో! అసలీ మారయ ఎవరి మనిషో!

"దండనాథా, తమరు ఎవరి పక్షమో నాకు తెలియదు. ఇంతమందిలో నోరు విప్పితే నా మాట నాకన్నా ముందే ఏరు దాటుతుంది. రేపు పొద్దెక్కేదాకా ద్వారం తెరిచి ఉంచండి, ఆపైన ఈ తల తమదే" అన్నాడు.

"ద్రోహి కూడా గడువు అడుగుతాడు" అన్నాడు మారయ.

తెల్లవారుతుండగా ఉప్పుటేరు వట్టిపోయి బురద తేలి ఉంది. శత్రుసేన అవతలి గట్టున బారులు తీరింది గాని, మూసిన ద్వారాన్ని చూసి దిగడానికి జంకుతోంది. అంతలో కోట దిడ్డివాకిలి తెరుచుకుంది. చెరకాపున్న భటులు అన్నం పెట్టిన చేతిని మరువనివారు, నాయకుణ్ణి విడిచిపెట్టారు. కొమ్మనాయకుడు నిరాయుధుడై, తెల్లని ఉత్తరీయం పైకెత్తి, బురదలో శత్రువుకేసి నడిచాడు. మండలేశ్వరుడే శరణంటూ వస్తే ఇక భయమేమిటి? ఏనుగులూ గుర్రాలూ సైనికుల కేరింతలతో ఏటిలోకి దిగాయి.

బురుజుమీద మారయకు ఒళ్లు మండిపోయింది. "చూశారా!" అని అరిచి, తానే విల్లందుకున్నాడు. బాణం ముసలివాడి వీపున దిగింది. ఆయన మోకాళ్లమీద కూలాడు. ఎత్తిన చేయి మాత్రం దించలేదు. ఇంకా రండి, ఇంకా రండి అన్నట్టు ఊపుతూనే ఉన్నాడు.

అప్పుడు ఏరు వెనక్కి ప్రవహించడం మొదలుపెట్టింది.

సముద్రంవైపునుంచి నీరు నురగలు కక్కుతూ ఎగువకు ఎక్కింది. బురదలో దిగబడిన గుర్రాలు కదలలేకపోయాయి, ఏనుగులు సొంత సేననే తొక్కాయి. ఆ నీటిమీదుగానే గంగన్న పడవలు వచ్చి వెనుదారి మూశాయి. మారయ కళ్లముందే ఆ తెల్ల ఉత్తరీయం నీటిలో మునిగిపోయింది. పొద్దెక్కేసరికి సేన లేదు.

చిక్కిన శత్రుసేనాని తిట్టుకుంటూ చెప్పాడు: "మండలేశ్వరుణ్ణి మీరే చెరలో వేస్తారని మీ గుండనామాత్యుడు మాటిచ్చాడు. ముసలివాడు నడిచి వస్తుంటే అమాత్యుని పాచిక పారి, దిక్కులేక శరణంటున్నాడనుకున్నాం."

మారయ గంగన్నను అడిగాడు: "నిన్న మీరన్న పోటు..."

"పోటంటే పోటే బాబూ! సంద్రం పొంగి ఏట్లోకెక్కడం. పున్నానికీ అమాసకీ మా జోరుగొస్తాది." గంగన్న నిజంగానే తెలియక అడిగాడు: "మీ దేశంలో దాన్నేటంటారు?"

మారయ ఆ సేనానిని సంకెళ్లతో మహారాజు ఎదుటికి పంపించి, తాను కొమ్మనాయకుని ఇల్లాలు కామసాని వాకిటికి వెళ్లాడు. ఒర దూసిన కత్తిని ఆమె పాదాలముందు పెట్టి తల వంచాడు.

"అమ్మా! మీ పెనిమిటిని చంపిన చేయి ఇది. వీపున కొట్టాను. శిక్షించండి."

కామసాని చాలాసేపు ఏడ్చింది. కళ్లు తుడుచుకొని కత్తికేసి అసహ్యంగా చూసింది.

"చచ్చి తప్పించుకుందామనా, నాయనా? కుదరదు. ఈ నీళ్ల మధ్య పల్లెల్లో రేపు తగువు పడితే తీర్చేవాడు లేడు, ఈ పోటుకు తెగిన కట్టను కట్టేవాడు లేడు. ఆయన చేసే పని ఉన్నది, ఆయన లేడు. లే. వెళ్లి చెయ్యి."

మారయ లేచాడు. కత్తిని అక్కడే వదిలి, తెగిన కట్టవైపు నడిచాడు.